గానుగ ఎద్దు నోటి ముద్ద

మొన్న నాకు కడుపు చెడితే డాక్టరు మాత్రలు రాసి, "వీటిలో బతికున్న సూక్ష్మజీవులుంటాయమ్మా, మీ పేగుల్లో చేరి కాపురం పెడతాయి" అన్నాడు. నాకు నవ్వొచ్చింది. ఆ సంగతి మా అవ్వకు రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లోనే తెలుసు మరి! అవ్వంటే మా నాన్నను కన్నతల్లి. మడిలో ఆమెను మించినవాళ్లు మా కాటన్‌పేటలోనే లేరు. లోటా అంచు పెదవికి తగిలిందా, ఆ లోటాకు చింతపండుతోనూ మాకు తిట్లతోనూ తోముడే.

మా సందు మొత్తానికి ఆవున్నది మా ఇంట్లోనే. శ్రావణ శుక్రవారం వచ్చిందంటే అమ్మలక్కలంతా గోపూజకు మా గుమ్మం ముందు వాలేవారు. బియ్యానికి కరువైన కాలం. అయినా తమ నోళ్లు కట్టుకుని, తలా దోసెడు నానబెట్టిన బియ్యం, బెల్లం తెచ్చారు. ఎవర్ని వద్దంటే ఎవరికి కోపమో! అందరూ పెట్టారు, పాపం అదీ అంతా తినేసింది. తెల్లారేసరికి పొట్ట ఉబ్బి, నెమరు ఆగిపోయింది. మూడోనాటికి పాలూ ఆగాయి. అంత భక్తితోనూ ఆవును చంపుకునేవాళ్లమే.

ఇంట్లో నెలల పిల్ల, నా చెల్లెలు. అమ్మకు పాలు లేవు, ఈ ఆవు పాలతోనే బతుకుతోంది. వేరే పాలు ఏవి తాగించినా పిల్ల కక్కేసేది. చివరికి ఏడ్చే ఓపిక కూడా లేక మూలుగుతుంటే, అమ్మ ముఖం చూడటానికి నాకు భయం వేసేది.

ఆ మధ్యాహ్నం అవ్వ ఇత్తడి చెంబు పట్టుకుని, నన్ను వెంటేసుకుని పక్క సందులోని గానుగకు వెళ్లింది. అక్కడ విప్పేసిన ఎద్దు తీరిగ్గా నెమరేస్తోంది. దాని గొంతులోంచి ముద్ద పైకి రాగానే గానుగాయన దవడలు విడదీసి పట్టుకున్నాడు. మా అవ్వ, సాక్షాత్తూ మా మడి అవ్వ, ఆ నోట్లో చెయ్యి పెట్టి చొంగ కారుతున్న పచ్చటి ముద్దను లాగింది! దాన్ని చెంబులో వేసుకుని గబగబా ఇంటిదారి పట్టింది.

ఇంటికొచ్చి ఆ ముద్దను గోరువెచ్చని నీళ్లలో కలుపుతుంటే నాన్న అడ్డం వచ్చాడు.

"ఏంమా, ఎద్దెంగిలి తెచ్చి ఆవుకి పోస్తావా? నీ మడేమాయె?"

"నా మడికేమప్పా, తానం జేస్తే వస్తాది. పిల్ల పోతే వస్తాదా? పాలకి తోడేసినట్ల ఇది. ఆడ నిలబడకుండా దాని నోరు పట్టుకో."

వెదురు గొట్టంతో మూడు రోజులు పోశారు. నాలుగోనాడు పొద్దున ఆవు మెడలో ఒక ఉండ కిందినుంచి పైకి పాకింది. దవడ మెల్లగా పక్కకు కదిలింది. అవ్వ పేడలోనే కూలబడి బావురుమంది. ఆమె ఏడవగా చూడటం నాకదే మొదలు. ఆ వారంలోనే పాలు మళ్లీ దిగాయి, చెల్లెలు కడుపునిండా తాగి నిద్రపోయింది.

కంటికి కనిపించని ప్రాణులు ఒక కడుపులోంచి ఇంకో కడుపుకు వలసపోయి ఆవును లేపాయి, ఆవు పిల్లను లేపింది. ప్రతి ప్రాణి లోపలా ఒక ఊరే ఉంటుందని తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. చెల్లెలికి ఎనభై దాటాయి, ఇప్పటికీ పకపకా నవ్వుతుంది. ఆ నవ్వు వింటున్నప్పుడల్లా, మనం మనదనుకునే బతుకంతా ఎవరో ఒకరి నోటి దగ్గరనుంచి తీసి మనకు పెట్టిందే కదా అనిపిస్తుంది.