ఎడమ పక్క రేకు

నా నొప్పి అబద్ధమన్న వాళ్లందరికీ ఇది చెబుతున్నాను. నాకు సంతకం పెట్టడం వచ్చు, బస్సు మీద ఊరి పేరు చదవడం వచ్చు, అంతకు మించి రాదు. నేను చెబుతుంటే మా అమ్మాయి రాస్తోంది. మధ్యలో మెత్తగా మార్చబోతే ఒప్పుకోలేదు.

మాది ఇస్త్రీ బండి. బెంజ్ సర్కిల్ వెనక వీధిలో, రెండు అపార్టుమెంట్ల మధ్య గోడవార ఉంటుంది. మైలవరం నుంచి వచ్చిన కొత్తల్లో మా ఆయన చేయించుకున్న బండి. ఆయన పోయాక, పెద్దకర్మ అయిన వారానికే పరదా తీసి బొగ్గులు రాజేశాను. బొట్టు లేని మొహంతో పొద్దున్నే కనపడితే బట్టలెవరు వేస్తారని మా మరిది అన్నాడు. "మొహం చూసి ఎవరూ వెయ్యరయ్యా, మడత చూసి వేస్తారు" అన్నాను. బట్టలు వచ్చాయి.

ఏడాది తిరక్కుండానే చెయ్యి నొప్పి మొదలైంది. కుడి భుజం ముందువైపు పుట్టి, దండచెయ్యి మీదుగా మోచేతికి, అక్కడి నుంచి బొటనవేలిలోకి దిగేది. లోపల కూర్చుని ఎవరో తడి దుప్పటి పిండుతున్నట్టు ఉండేది. ఆ పక్కకి తిరిగి పడుకోలేను. తల దువ్వుకోలేను.

నొప్పి ఎక్కడుంటే మందు అక్కడే అనుకునేదాన్ని. ఇస్త్రీ పని వాళ్లకి కాపడానికి వేరే సరంజామా ఎందుకు? మధ్యాహ్నం బట్టలు తగ్గాక పెట్టెని కాస్త చల్లారనిచ్చి, పాత దుప్పటి మడతలు వేసి మోచేతి మీద పెట్టుకుని, దాని మీద పెట్టె ఆనించేదాన్ని. మా వాళ్లందరూ అదే చేస్తారు. మా అత్తగారి మోకాలి మీద పెట్టె మొన ఆకారంలో మచ్చ ఉండేది. ఆ వేడికి కాసేపు హాయి. పొద్దుగూకేసరికి మళ్లీ మామూలే.

ఆస్పత్రికి వెళితే గుండె చూశారు, బాగుందన్నారు. మెడకి ఫొటో తీశారు, ఈ వయసులో ఉండే అరుగుదలే అన్నారు. చివరికి ఒక పెద్ద డాక్టరు గారు కాగితాలన్నీ పక్కన పెట్టి, "మీ ఆయన పోయి ఎన్నాళ్లయిందమ్మా?" అని అడిగారు. చెప్పాను. నిద్రమాత్రలు రాశారు. మనసు కుదుటపడితే నొప్పి అదే పోతుందన్నారు.

నాకు ఒళ్లు మండింది. "మనసులో నొప్పయితే రెండు చేతులూ లాగాలి కదండీ. ఎడం చేతికి ఆయనంటే ప్రేమ లేదా?" అన్నాను. ఆయన నవ్వలేదు. ఆ మాత్రలు నేను మింగలేదు.

ఆ వర్షాకాలంలోనే చొక్కా కాలింది. ఎవరో పెళ్లికి వేసుకోవాల్సిన తెల్ల చొక్కా. బండికి ఎడమ పక్కన, కాలిన పెట్టె ఆనించడానికి కొట్టిన రేకు మీంచి పెట్టె అందుకుని ఇవతలికి లాగుతుంటే బొటనవేలు పట్టు వదిలేసింది. పెట్టె వెళ్లి చొక్కా వీపున కూర్చుంది. మాడు వాసన వీధంతా పోయింది. చొక్కా కొనిచ్చాను గానీ ఆ ఇంటి బట్టలు మళ్లీ నా బండి ఎక్కలేదు.

ఆ కబురు అందుకుని మా మరిది వచ్చాడు.

"ఎందుకొదినా నీకీ తిప్పలు? బండి నాకొదిలెయ్. మా ఇంట్లో ఓ మూల కూచుని తిందువుగాని."

"ఏ మూలో ముందే చూసిపెట్టావా?"

"ఎటకారాలొద్దు. దసరా బట్టలొచ్చి పడతాయి. ఆ చేత్తో నువ్వేం చేస్తావ్? పండగెళ్లాక వచ్చి బండి తోలుకుపోతా."

"చెయ్యి పడిపోతే బండి నీది. పడకపోతే ఈ వీధిలో మళ్లీ ఆ మాటెత్తకు" అన్నాను.

అన్నాను గానీ లోపల భయమే. రెక్కాడితేగాని డొక్కాడదంటారు. నాకు డొక్క నిండితే చాలదు. ఒకరి ఇంటి మూలన కూర్చుని తినే ముద్ద నా గొంతు దిగదు.

ఎదుటి అపార్టుమెంటులో ఒక అమ్మాయి ఫిజియోథెరపీ పని చేస్తుంది. తెల్లకోట్లు నాకే ఇస్తుంది. ఒకరోజు కోటు అందిస్తూ, "ఎడం చేత్తో ఇస్తున్నా, ఏమనుకోకమ్మా" అన్నాను. ఆ అమ్మాయి కోటు తీసుకోకుండా నా కుడిచేతి వంక చూసింది. మర్నాడు తను పనిచేసే చోటికి రమ్మంది.

నా ఆస్పత్రి కాగితాలు చూసి, బల్ల మీద బోర్లా పడుకోబెట్టి, చెయ్యి ముట్టుకోకుండా వీపు తడమడం మొదలుపెట్టింది. నొప్పి ఇటు ఉంటే అటు వెతుకుతుందేమిటి అనుకుంటున్నాను. రెక్క ఎముక మీద ఒకచోట వేలు ఆగింది. నొక్కింది. నొక్కింది వీపులో, మంట లేచింది బొటనవేలిలో.

"అమ్మో! అదే! అదే నా నొప్పి!" అని అరిచాను. పక్క బల్ల మీద ఆవిడ లేచి కూర్చుంది.

"దొరికిందమ్మా" అంది ఆ అమ్మాయి. "దీన్ని ట్రిగ్గర్ పాయింటంటారు. ఒకే పని పదేపదే చేస్తే కండలో కొంచెం మేర బిగుసుకుపోయి ముడిలా అవుతుంది. గొడవ దానిది, నొప్పి మాత్రం దూరంగా చేతిలో తెలుస్తుంది. మీరు తీయించుకున్న ఫొటోల్లో ఇది కనపడదు."

"అంటే నేను అబద్ధమాడట్లేదుగా?"

"లేదమ్మా."

"ఇంకోసారి చెప్పు."

చెప్పింది. బోర్లా పడుకున్నాను గనక నా మొహం ఎవరూ చూడలేదు.

తర్వాత లేపి నిలబెట్టింది. "నేను నొక్కి వదులు చేస్తాను. కానీ అసలు ముడి ఎందుకు పడుతోందో చూడకపోతే మళ్లీ పడుతుంది. పని ఎలా చేస్తారో చేసి చూపించండి."

లేని పెట్టె పట్టుకుని, లేని చీర రుద్ది చూపించాను.

"కుడిచేత్తో రుద్దుతూ పెట్టెని అంత దూరం, ఎడమ పక్కకెందుకు పెడుతున్నారు?"

"రేకు అక్కడే కదా ఉంది."

"అక్కడెవరు కొట్టారు?"

మా ఆయనది ఎడమచేతి వాటం. ఆయన చేతికి అందేలా కొట్టుకున్నాడు. ఆయన ఉన్నన్నాళ్లూ నేను నీళ్లు చల్లడం, మడతలు వేయడమే. పోయాక బండి మీద ఆయన పెట్టింది పెట్టినచోటే ఉంచాను. కదిలిస్తే ఆయన్నే కదిలించినట్టు ఉండేది. అందుకని మణుగు బరువు పెట్టెని ప్రతి బట్టకీ ఒంటికి అడ్డంగా అటు మోసి ఇటు లాక్కున్నాను. ఆ పెద్ద డాక్టరు గారి మాటలో ఆవగింజంత నిజం ఉందేమో అనిపించింది. ఆవగింజంతే. నొప్పి మాత్రం నా కండలోదే.

మర్నాడు మేకులు పీకాను. రేకుని కుడి పక్కన, నా మోచేతికి దగ్గరగా కొట్టుకున్నాను. కాపడం కూడా చేతి మీద మానేసి, వేడినీళ్ల సంచీ వీపుకి పెట్టుకున్నాను. ఆ అమ్మాయి ఒక బంతి ఇచ్చింది. దాన్ని గోడకీ రెక్కకీ మధ్య ఇరికించి మెల్లగా ఆనుకుని నిలబడతాను. వీధిలో పోయేవాళ్లు నవ్వుతారు. నవ్వనీ. నొప్పి పూర్తిగా పోయిందని చెప్పను. ముసురు పట్టినా, బట్టలెక్కువైనా లోపలి నుంచి పిలుస్తుంది. ఇప్పుడు దాని ఇల్లెక్కడో నాకు తెలుసు.

దసరా బట్టలన్నీ నేనే చేశాను. పండగ వెళ్లాక మరిది వచ్చాడు. వస్తూనే రేకు చూశాడు.

"అన్న కొట్టిన రేకు పీకేశావా? ఆయన గుర్తు కూడా ఉండనివ్వవా ఒదినా?"

"మీ అన్న ఆయన చేతికి తగ్గట్టు కొట్టుకున్నాడు. నేను నా చేతికి తగ్గట్టు కొట్టుకున్నా. ఆయనే ఉంటే మేకులు అందించేవాడు."

"ఇదంతా ఎన్నాళ్లులే."

"చొక్కా విప్పు."

"ఏంటి?"

"విప్పమంటున్నా. నలిగిన చొక్కాతో ఇస్త్రీ బండి తోలుకుపోతే నీకే పరువు తక్కువ."

గేటు దగ్గర వాచ్‌మన్ కిసుక్కున నవ్వాడు. మరిది అటూ ఇటూ చూసి, విప్పి ఇచ్చి, బనీనుతో గోడవార నిలబడ్డాడు. నీళ్లు చల్లాను. కాలరు, చేతులు, వీపు. పెట్టె ఎత్తిన ప్రతిసారీ నా బొటనవేలి వంకే చూస్తున్నాడు. అది జారలేదు.

చొక్కా అతనికి కుడిచేత్తో అందించాను.