రాహేలమ్మ నమూనాల పుస్తకం

యాలాల్‌లో కూలికి పోయే బీరమ్మ కూతురు రాహేలమ్మ. వికారాబాద్ కుట్టుబడిలో చేరిన రెండేళ్లకే ఆమె పనితనం ఎలా కుదిరిందంటే, ఆమె తీసిన గుండీ కాజాను మగ దర్జీలు కూడా తిరగేసి చూసేవారు. వెనకా ముందూ ఒకేలా ఉండేది.

1958లో హైదరాబాదులో ఒక దుస్తుల కార్ఖానావాళ్లు ఆరు నెలలు పని నేర్పేందుకు ఆడపిల్లలను తీసుకుంటున్నారని తెలిసింది. అర్జీతో పాటు, తాము కుట్టిన ముక్కలు అతికించిన నమూనాల పుస్తకం పంపాలి. రాహేలమ్మ పాత పుస్తకాన్ని కుట్టుటీచరు రాధమ్మ తిరగేసి పెదవి విరిచింది.

"గివన్నెందుకే? నేర్సుకునేటప్పుడు కుట్టినవి ఎవలు చూస్తరు? ఇప్పుడు నీకేమొస్తదో గది చూపియ్."

మొదటి జేబు, వంకర పోయిన కాలరు, అన్నీ ఊడదీసింది రాహేలమ్మ. నెల రోజులు కూర్చుని కొత్తవి కుట్టింది. కోతల్లో చెయ్యెత్తినా చంకలో పిగలకుండా అవ్వ బీరమ్మ తన రవికకు వేసుకునే నలుచదరపు అతుకును కొత్త ఫ్యాషను జాకెట్టులో ఇమిడ్చింది. మొదటి పేజీ మీద ఎర్రదారంతో తన పేరు కుట్టుకుంది.

తాండూరు పిల్ల సంతోషమ్మ ఆమెకు ప్రాణస్నేహితురాలు. హాస్టల్లో ఇద్దరిదీ ఒకటే ట్రంకుపెట్టె.

"మా మామ పట్నం పోతుండు. ఇద్దరి అర్జీలు ఆయనే ఇస్తడు. నువ్వెందుకు పరేషానైతవ్?" అంది సంతోషమ్మ. రాహేలమ్మ అర్జీ, పుస్తకం ఆమె చేతిలో పెట్టింది.

రమ్మని ఉత్తరం సంతోషమ్మకే వచ్చింది. రాహేలమ్మ దిగులు మింగుకుని, ఆమె చీరలు మడతపెట్టి, స్టేషనుదాకా వెళ్లి రైలెక్కించింది.

నెల తిరక్కుండానే కార్ఖానా నుంచి బడికి, చూడడం అయిపోయిన నమూనాల కట్ట తిరిగొచ్చింది. రాధమ్మ విప్పి, రాహేలమ్మను పిలిచింది. లోపల ఉన్నది రాహేలమ్మ పుస్తకమే. పేరు మాత్రం సంతోషమ్మది, నీలం దారంతో. ఊడదీసిన ఎర్రదారం తాలూకు సూది రంధ్రాలు పక్కనే కనిపిస్తున్నాయి.

"నీ చెయ్యేనని నాకెరుకే," అంది రాధమ్మ, తలెత్తకుండా. "గని ఇప్పుడు లొల్లి చేస్తే బడి పేరు ఖరాబైతది. ఊకో బిడ్డా."

రాహేలమ్మ పుస్తకం మూసి, ఆమె బల్ల మీదే వదిలేసి బయటికొచ్చింది.

క్రిస్మసుకు సంతోషమ్మ తాండూరు వచ్చిందని తెలిసి వాళ్లింటికి వెళ్లింది. ఏదో పొరపాటు జరిగిందని ఆమె అంటే చాలు, నమ్మేద్దామనే వెళ్లింది.

"నా అర్జీ ఏంజేసినవే?"

"మామకు ఇయ్యలే." సంతోషమ్మ తప్పించుకోలేదు. "నీకు మల్ల కుట్టొస్తది రాహేలూ. నాకు రాదు."

రాహేలమ్మ లేచింది. మంచినీళ్లయినా ముట్టకుండా తిరిగొచ్చింది.

మరుసటి ఏడు మళ్లీ అర్జీలు పిలిచారు. పుస్తకం తీసుకుపొమ్మంది రాధమ్మ. వద్దంది రాహేలమ్మ. కార్ఖానావాళ్ల లెక్కలో అది సంతోషమ్మ పుస్తకం; చూపిస్తే దొంగ తానే అవుతుంది. తాండూరు నుంచి వచ్చే పొద్దటి రైలెక్కి ఉత్త చేతులతో వెళ్లింది.

"నమూనాలేవమ్మా?" అనడిగింది అక్కడి పెద్దామె.

"తేలేదమ్మా. జర బట్ట, కత్తెర ఇయ్యుండ్రి. మీ ముంగటనే కుడత."

మధ్యాహ్నానికల్లా, చంకలో అవ్వ వేసే అతుకుతో సహా, జాకెట్టు పూర్తయింది. పెద్దామె దాన్ని వెలుగులో పెట్టి చూసింది.

"అచ్చం ఇదే చెయ్యి పోయినేడు ఒక పుస్తకంల చూసిన. గా పిల్ల మాత్రం పని అందుకోలేక నడుమనే పోయింది. సంతోషమ్మ. నీకు ఆమేనా నేర్పింది?"

"కాదు," అంది రాహేలమ్మ.

ఆమెను తీసుకున్నారు. తర్వాత అక్కడే మూడేళ్లు పనిచేసి, యాలాల్ పక్కనే ఉన్న తాండూరులో సొంతంగా మిషను పెట్టుకుంది. ఆదివారాలు చర్చిలో సంతోషమ్మ ఎదురుపడేది. ఆమె వందనం అంటే రాహేలమ్మ కూడా వందనం అనేది. ఆ పైన మాట లేదు.