సీరియల్‌కు మా ఆయన చెప్పిన తెలుగు

నాకు బాగా నచ్చిన ప్రేమ సన్నివేశం ఏ సినిమాలోదీ కాదు, ఒక హిందీ సీరియల్‌లోది. అందులో కథానాయకుడెవరో, వాళ్ల ఇంటి గొడవలేమిటో ఇప్పుడు సరిగ్గా గుర్తులేదు. ఆ రాత్రి మాత్రం కళ్లకు కట్టినట్టు ఉంది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో పెళ్లై కాకినాడ నుంచి ఢిల్లీ వచ్చాను. మా ఆయన ఒక మంత్రిత్వ శాఖలో అసిస్టెంటు. ఆర్.కె. పురంలో మొదటి అంతస్తులో చిన్న గవర్నమెంటు క్వార్టరు. మనిషి మంచివారే, మాట దగ్గరే మహా పిసినారి. పొద్దున ఆఫీసు వాళ్ల చార్టర్డ్ బస్సెక్కితే సాయంత్రం ఆరున్నరకు దిగేవారు. టీ పెట్టనా అంటే ‘పెట్టు’, కూరేం చేయనంటే ‘నీ ఇష్టం’. ఆయన నోట పది మాటలు వచ్చాయంటే ఆ రోజు ఇంటికి చుట్టాలొచ్చారన్నమాట.

తెలుగు చానెల్ కావాలని అడిగితే కేబుల్ ఆయన ‘సౌత్ వాలా లగా దియా, భాభీజీ’ అని, అంటే సౌత్‌ది పెట్టేశానని, తమిళ చానెల్ పెట్టి వెళ్లాడు. రెండూ ఒకటి కాదని మా ఆయన చెప్పబోయి ఊరుకున్నారు. దాంతో ఎనిమిదిన్నరకు వచ్చే హిందీ సీరియలే మాకు దిక్కైంది. నాకు హిందీ రాదు కనుక ఆయన పక్కన కూర్చుని తెలుగులో చెప్పేవారు.

ఆ తెలుగు వినాలి. పొద్దస్తమానం ఫైళ్ల మీద నోట్లు రాసే చెయ్యి కదా, ప్రేమ కూడా ఫైలు భాషలోనే వచ్చేది. కథానాయకుడు వానలో తడుస్తూ ఆ అమ్మాయి ముందు మూడు నిమిషాలపాటు గుండె విప్పి మాట్లాడాడు ఒకరోజు.

‘ఏవంటున్నాడండీ?’ అన్నాను.

‘ఆ అమ్మాయి విషయంలో అతనికి అభ్యంతరం లేదట.’

‘ఆవిడేవంది?’

‘ఆలోచించి చెప్తానంది.’

చేయి పట్టుకునే సన్నివేశం వస్తే మా ఆయన ఫ్యాను వంక చూసేవారు. ‘ఇక్కడ మాటల్లేవు’ అని తేల్చేసేవారు. అవతల ఇద్దరూ గలగలా మాట్లాడుకుంటూనే ఉండేవారు.

ఆ చలికాలం నేను హిందీ నేర్చుకున్నాను. మా పై క్వార్టర్లో ఉండే పంజాబీ ఆంటీ మధ్యాహ్నం ఎండ కాచుకోవడానికి కిందకు దిగుతూ నన్నూ పిలిచేది. క్వార్టర్ల మధ్య గడ్డిలో చాప వేసుకుని బఠాణీలు ఒలిచేవాళ్లం. ఆవిడ ఆపకుండా మాట్లాడేది, నేను వినేదాన్ని, తర్వాత తర్వాత తప్పో ఒప్పో జవాబు చెప్పేదాన్ని. హోలీ వచ్చేసరికి సీరియల్‌లో ప్రతి మాటా అర్థమవుతోంది.

మా ఆయనకు ఈ సంగతి చెప్పలేదు. ఒకరోజు ఆ కథానాయకుడు ‘నువ్వు లేని ఇల్లు నాకు నాలుగు గోడలే’ అన్నాడు. మా ఆయన నా వైపు తిరిగి, ‘ఆవిడ ఇంట్లో ఉండటం అవసరమని అతని అభిప్రాయం’ అన్నారు. నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పరుగెత్తాను. చెప్పేస్తే ఆ అరగంట పోతుంది. రోజు మొత్తంలో ఆయన నా ముఖం చూసి మాట్లాడేది ఆ అరగంటే. ఇంకో కారణమూ ఉంది. ఆ మాటల్లో ఒక్కటైనా ఆయన నోట సరిగ్గా తెలుగులో వినాలని నాకు ఆశగా ఉండేది. నాకు చెప్పకపోయినా ఫరవాలేదు, సీరియల్‌లో అమ్మాయికి చెప్పినట్టే చెప్పినా చాలనుకున్నాను.

ఏప్రిల్‌లో మా అన్నయ్య ఫోన్ చేశాడు. పెళ్లికి ముందు నేను కాకినాడలో పాఠాలు చెప్పిన స్కూల్లో జూన్ నుంచి మళ్లీ రమ్మంటున్నారట. ముందు ఒక ఏడాది, తర్వాత సంగతి తర్వాత. నాకు పాఠం చెప్పడమంటే ఇష్టం. అంతకంటే ముఖ్యంగా, నేను ఈ ఇంట్లో ఉన్నా లేకపోయినా ఈయనకు ఒకటేనేమో అన్న అనుమానం కొంతకాలంగా నన్ను తినేస్తోంది. వెళ్లమంటారా అని అడిగాను.

‘నీ ఇష్టం’ అన్నారు.

కూర గురించి అడిగినప్పుడు చెప్పినట్టే చెప్పారు. ఉక్రోషం కొద్దీ సరే వెళ్తానన్నాను. ఆ శనివారమే ఆయన క్యూలో నిలబడి టికెట్ తెచ్చారు. ‘ఒక్కదానివే వెళ్తున్నావు కదా, కింది బెర్తయితే సుఖంగా ఉంటుంది’ అన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది. ఒక్కసారి వద్దనడానికి నోరు రాదు గానీ, కింది బెర్తు మాత్రం దొరికింది ఈ మహానుభావుడికి.

ప్రయాణం ఇంకా నాలుగు రోజులుందనగా, ఆ సీరియల్‌లో అమ్మాయి కూడా పెట్టె సర్దుకుని రైల్వే స్టేషన్‌కు వచ్చింది. కథానాయకుడు ప్లాట్‌ఫారం మీద ఆమెకు ఎదురుగా నిలబడి, ‘జావో, మై తుమ్హే నహీ రోకూంగా’ అన్నాడు. వెళ్లు, నిన్ను నేను ఆపను అని. నాకు స్పష్టంగా అర్థమైంది. అయినా అలవాటు కొద్దీ ఏవంటున్నాడండీ అని అడిగాను.

ఆయన ఈసారి నా వైపు తిరగలేదు.

‘వెళ్లొద్దంటున్నాడు’ అన్నారు.

నేను టీవీ వంకే చూస్తున్నాను. తల తిప్పితే ఆగిపోతారని భయం. ‘ఇంకా?’ అన్నాను.

‘ఆవిడ వచ్చాకే సాయంత్రం ఇంటికి రావాలనిపిస్తోందట. తన స్టాపు రాకముందే బస్సులో లేచి తలుపు దగ్గర నిలబడుతున్నాడట. తోటివాళ్లు నవ్వుతారట.’

ఆ కథానాయకుడికి డ్రైవరున్న పొడుగు కారుంది. పుట్టి బుద్ధెరిగి బస్సెక్కిన పాపాన పోలేదు. టీవీలో అప్పటికే సబ్బు ప్రకటన వస్తోంది.

‘ఇంకా ఏవంటున్నాడు?’

‘మాట్లాడటం చేతకాదంటున్నాడు. ఏం చెప్పాలో రోజూ బస్సులో అనుకుంటాడట, మెట్లెక్కేసరికి పోతుందట. ఉద్యోగం మానమని అడిగితే తప్పేమోనని, ఏమీ అడగలేదట.’

సబ్బు ప్రకటన పోయి టూత్‌పేస్టు వచ్చింది. ఇంకా ఊరుకోవడం నా వల్ల కాలేదు.

‘ఆ అమ్మాయికి హిందీ వచ్చండీ. హోలీ ముందే వచ్చేసింది’ అన్నాను.

ఆయన చెవులు ఎర్రబడ్డాయి. ‘అయితే అతను అసలేమన్నాడో...’

‘తెలుసు. వెళ్లమన్నాడు.’

ఆయన లేచి టీవీ కట్టేశారు. నా ఎదురుగా నిలబడి, ‘నువ్వు వెళ్లడం నాకు ఇష్టం లేదు’ అన్నారు. పరీక్షలో జవాబు అప్పజెప్పే పిల్లవాడిలా చేతులు రెండూ పక్కన పెట్టుకుని మరీ అన్నారు.

నేను వెంటనే కరిగిపోయానని అనుకునేరు. ఇన్నాళ్లూ నన్ను ఏడిపించినందుకు ఆ పూట బింకంగానే ఉన్నాను. అన్నం మాత్రం వడ్డించాను. మర్నాడు పొద్దున ఆఫీసుకు బయలుదేరుతుంటే టిఫిన్ డబ్బా చేతికిచ్చి, ‘ఆ టికెట్ రద్దు చేయించండి. ఇక్కడే ఏదైనా స్కూల్లో ఉద్యోగం వెతుక్కుంటాను’ అన్నాను. ఆయన సరేనని తలూపి మెట్లు దిగారు.

నేను తలుపు వేయబోతుండగా మళ్లీ పైకి వచ్చారు. ఆయాసపడుతూ గుమ్మంలో నిలబడి, ‘నిజంగానా?’ అని అడిగారు. రాత్రంతా నిద్రపోలేదని ఆ కళ్లు చూస్తే తెలుస్తోంది. ఇంత ఇష్టాన్ని ఈ మనిషి ఇన్నాళ్లూ ఎక్కడ పెట్టుకున్నాడా అని నాకు కోపమూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

‘నిజంగానే. వెళ్లండి, ఆలస్యమైపోతోంది’ అన్నాను.