మా అత్త మోపెడ్‌కి నేను పెట్టిన పేరు

మా చిన్నప్పుడు... బడి వదలగానే రోడ్డుకి వీపు పెట్టి, నాపరాళ్ల గోడ మీద వరుసగా కూర్చునేవాళ్లం. వెనక్కి తిరగకూడదు. చప్పుడు విని ఏ బండి వస్తోందో చెప్పాలి. తప్పు చెప్పినవాళ్లు జేబులో ఉన్న రేగిపళ్లన్నీ ఇచ్చెయ్యాలి.

కోయిలకుంట్ల దగ్గర చిన్న పల్లె మాది. ఊరు మొత్తానికి ఏడెనిమిది బండ్లు ఉండేవేమో... ఒక్కదాన్నీ కంపెనీవాళ్లు పెట్టిన పేరుతో పిలిచిన పాపాన పోలేదు. పెద్దరెడ్డి గారి బుల్లెట్టు దున్నపోతు. అటూ ఇటూ పాలక్యాన్లు కట్టుకుని గణగణమంటూ వచ్చే పాలాయన బండి గంగిరెద్దు. ఇక లెక్కల సారు స్కూటరు... పక్కకి బాగా వంచి, మళ్లీ నిలబెట్టి తంతే గానీ స్టార్టయ్యేది కాదు. దాని పేరు నడుంనొప్పి! సారు ముందు మాత్రం అనేవాళ్లం కాదు లెండి... బెత్తం ఆయన చేతిలో ఉండేది.

వీటిలో సగం పేర్లు నేను పెట్టినవే. అదో పొగరు నాకు.

మా నాన్న చెల్లెలు మేరీ అత్త మా ఊరి నర్సమ్మ. ప్రతి బుధవారం మందుల పెట్టె కట్టుకుని, మేం వంక అని పిలిచే వాగు అవతల ఉన్న కొట్టాల పల్లెకి వెళ్లి పసిపిల్లలకి సూదులు వేసి వచ్చేది. అంతకు ముందటేడు తట్టు పోసి ఆ కొట్టాల్లో ఒక పసిబిడ్డ పోయింది. అప్పటినుంచి అత్త ఒక్క బుధవారం కూడా తప్పలేదు.

అత్తకి ఒక పాత మోపెడ్ ఉండేది. బూడిద రంగు, దాని మీద తుప్పు చుక్కలు... పొద్దున్నే ఊరంతా లేచేలా కకకకమని అరుచుకుంటూ పోయేది. ఇంకేం పేరు పెడతాను? బూడిద ఒంటి నిండా చుక్కలతో, అచ్చం అలాగే అరిచే గిన్నెకోడి!

వారం తిరిగేసరికి ఆ పేరు ఊరంతా పాకిపోయింది.

ఒకరోజు అత్త టీబంకు ముందు నుంచి వస్తుంటే, "ఏమప్పా, గిన్నెకోడి యాడికో పోతాండాది సూడు!" అన్నారట ఎవరో. బంకు దగ్గర అందరూ ఒకటే నవ్వు. ఊళ్లో బండి నడిపే ఆడమనిషి అత్త ఒక్కతే. ఆ మాట తననే అన్నారనుకుంది పాపం. ఇంటికి వచ్చి బండిని గోడకి ఆనించి, పైన గోనెపట్టా కప్పేసింది.

"అన్నా, ఇంగ దాని మొగం గూడా సూడను. కాళ్లుండాయి గదా, నడిసే పోతా," అంది నాన్నతో.

నాకు ఆ పూట ముద్ద దిగలేదు. చెప్పేద్దామని నోటిదాకా వచ్చేది... మళ్లీ భయం.

ఆ బుధవారం మాకు బడి లేదు. పెట్టె నేను మోస్తానని అత్త వెంటపడ్డాను. నల్లరేగడిలో పడి నడుస్తూ వంక దాటాం. కొట్టాలకి చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. చూస్తే ఒక్క ఇంట్లోనూ మనుషులు లేరు... అన్ని తలుపులకీ గొళ్లాలే. చంటిపిల్లల్ని ఎత్తుకుని అందరూ శనగ చేలల్లోకి పోయారు. ఎప్పుడూ అత్త వచ్చేసరికి చర్చి అరుగు నిండా తల్లులు కూర్చుని ఉండేవాళ్లట.

ఒక గంట కూర్చున్నాం. ఎవరూ రాలేదు. అత్త మాటిమాటికీ పెట్టె మూత తీసి చూస్తోంది. పెట్టెలో పెట్టిన ఐసు కరిగిపోతే ఆ మందు పనికిరాదు.

"నడిసొస్తిమి గదా, పొద్దెక్కిపాయె. ఒగరన్నా రాలేదే," అంది. ఆ మొహం చూసి నేను ఆగలేకపోయాను.

"అత్తా... ఆ పేరు పెట్టింది నేనే. నీకు కాదత్తా, బండికి పెట్నా!" అని ఏడ్చేశాను.

అత్త నన్ను ఎగాదిగా చూసింది. నాలుగు తగిలిస్తుందనుకున్నాను. "రంగు సూసి పెడితివా, కూత సూసి పెడితివా?" అంది.

"రెండూ సూసి..."

అత్త ఇంకేదో అనబోయేంతలో, నీళ్లకి వచ్చిన ఒక అవ్వ బిందె దింపి మా దగ్గరికి వచ్చింది. "ఓయమ్మో, నర్సమ్మా! నువ్వెప్పుడొస్తివి? గిన్నెకోడి కూత ఇనపడలేదే! ఆ కూత వంక దిగేది ఇంటేనే గదా మా కోడండ్లు చేను ఇడిసి వచ్చేది. ఈ వారం రాలేదనుకొని అందరూ పనిలో పడినారు!"

 అత్త చీర కొంగు దోపుకుని లేచి, నన్ను భుజం పట్టి నిలబెట్టింది.

"పోమ్మే, ఆ గట్టుమీదికి ఎక్కి కేకెయ్. గిన్నెకోడి వచ్చిందని చెప్పు!"

అబ్బో, ఆరోజు నేను అరిచిన అరుపు! గట్టు వెంబడి పరిగెత్తుతూ "గిన్నెకోడి వచ్చింది... గిన్నెకోడి వచ్చింది..." అని గొంతు పోయేదాకా అరిచాను. చేలల్లో నుంచి ఒక్కొక్కరే నడుం ఎత్తి చూశారు. చంకల్లో పిల్లల్తో పరుగున వచ్చారు. ఐసు కరిగేలోపే సూదులన్నీ అయిపోయాయి.

మరుసటి బుధవారం గోనెపట్టా తీసేసింది అత్త.

ఇప్పుడు రిటైరై కర్నూలులో ఉంటోంది. మొన్న బస్సులో ఆ కొట్టాలామె ఒకరు కనిపించి, "మీ గిన్నెకోడి బాగుండాదామ్మే? మా పిల్లోల్లందరికీ సూదులేసింది ఆమె గదా," అంది. అత్త అసలు పేరు ఆమెకి తెలీదు. ఆ సంగతి ఫోన్లో చెబితే అత్త ఎంత మురిసిపోయిందో! ఆమె ముగ్గురు పిల్లల పేర్లూ వరుసగా చెప్పి, ఒక్కొక్కరూ ఎలా ఉన్నారని అడిగింది.

ఇప్పుడు మా వీధిలో ఇంటికి రెండు బండ్లు. ఏవి ఎప్పుడు వచ్చి పోతాయో కూడా తెలీదు... వాటికోసం పని వదిలి పరిగెత్తుకొచ్చేవాళ్లూ లేరు. మీ ఊళ్లో ఏ బండి చప్పుడు వింటే జనం బయటికి వచ్చేవాళ్లు? దాన్ని ఏమని పిలిచేవాళ్లు? చెప్పండి, అత్తకి చదివి వినిపిస్తాను...