మందు కాని బిళ్ళ

ప్లాస్టిక్ షీటు మీద గ్రాఫీన్ సిరా, అంటే కరెంటు పారే నల్లటి కార్బన్ పూత, ఆరుతుంటే వచ్చే వాసన కాస్త నెయిల్ పాలిష్‌లా ఉంటుంది. నా విద్యార్థులు ఆ సిరా పూస్తున్నప్పుడల్లా నాకు మార్తమ్మ మేడం గుర్తొస్తారు. పదేళ్ల కిందట విజయనగరంలో నా పరిశోధనకు ఆవిడే గైడు. ఆవిడది బొబ్బిలి. ఆవిడకు కోపం వస్తే బొబ్బిలి యాస కూడా వచ్చేసేది.

మా పని చెప్పడానికి తేలిక. గోరంత వెడల్పున, వంచితే వంగే ప్లాస్టిక్ ముక్క. దాని మీద మూత్రం చుక్క వేస్తే, అందులో నొప్పి మాత్ర ఆనవాలుంటే కంప్యూటర్ తెర మీద గీత కొండలా లేస్తుంది. లేకపోతే చదునుగా సాగుతుంది. ఏ మందూ వాడని మనిషి గీత చదునుగా వస్తేనే నా థీసిస్ నిలుస్తుంది. మందులేవీ వాడకపోతే నమూనా ఇమ్మని ల్యాబ్ అటెండరు సింహాచలం గారిని అడిగాను. "నాకు మందులేటి తల్లీ, రాయిలాగున్నాను" అని నవ్వి సీసా ఇచ్చారు.

గీత కొండలా లేచింది. మూడు ముక్కలు మార్చినా అంతే. మూడేళ్ల కష్టం నీళ్లపాలైందని ఏడుపొచ్చింది. నమూనా పారబోసి వేరేవాళ్లది తెస్తానన్నాను. మేడం కళ్లజోడు తీశారు.

"ముక్కని మూడుసార్లు అడిగేవు. మనిసిని అడిగేవా?"

"అడిగానండీ. మందులు వాడనన్నారు."

"మందుల మాటెత్తకు. నొప్పెడితే ఏటి సేస్తావని అడుగు."

అలాగే అడిగాను. సింహాచలం గారు చొక్కా జేబులోంచి మాత్రల అట్ట తీశారు. "ఇది మందేటమ్మా, నొప్పి బిళ్ళ! పొద్దున్నొకటి, రాత్రొకటి ఏసుకోపోతే మోకాళ్లు లెగవు. మనవరాలు పుట్టినకాడి నుంచీ ఇంతే." ఆ మనవరాలు అప్పటికే బడికి వెళ్తోంది.

చెప్పడానికి సిగ్గేస్తుంది, నా సెన్సర్ నిజం చెప్పిందని నేను గంతేశాను. మేడం నా వైపు చూడనైనా లేదు. "పద బాబాయ్, రక్తం తీయించుకుందాం" అని ఆయన్ని అప్పుడే ఆటో ఎక్కించారు. ఆ బిళ్ళల వల్ల కిడ్నీలు దెబ్బతినడం మొదలైందనీ, ఇప్పుడు మానేస్తే నిలదొక్కుకోవచ్చనీ డాక్టరు చెప్పారట. మానేయడం ఆయనకు నరకమే అయింది. మెట్ల దగ్గర మేడమే చెయ్యి అందించేవారు. కొన్ని నెలలకు రక్తపరీక్ష కుదుటపడింది. ఆ వారమే ఆయన తనంతట తాను సీసా తెచ్చి నా బల్ల మీద పెట్టారు. నా థీసిస్‌లో ఉన్న చదును గీత ఆయనదే.

నమూనాలు తీసుకునే ఫారంలో 'మందులు వాడుతున్నారా?' అన్న ప్రశ్నను కొట్టేసి, మేడం తన చేత్తో 'నొప్పెడితే ఏటి సేస్తారు?' అని రాశారు. మేం ఇప్పటికీ వాడే ఆ ప్రశ్నను మొన్న నా విద్యార్థుల్లో ఒకమ్మాయి మంచి తెలుగులోకి దిద్దుకొచ్చింది. నేను మళ్లీ మేడం రాసినట్టే రాయించాను. ఆ మాటకే సింహాచలం గారి చెయ్యి జేబులోకి వెళ్లింది.