బందరు దాకా టికెట్

గుడివాడలో బాస్కెట్‌బాల్ పోటీలు జరుగుతున్న రోజులవి. బందరు బస్సులో నా వెనక సీటు కుర్రాళ్లిద్దరు, వరసగా ఓడిపోతున్న మన బందరు జట్టు సెమీస్‌కి చేరుతుందా లేదా అని వాదించుకుంటున్నారు. పక్క సీటులోని పెద్దాయన వెనక్కి తిరిగి వాళ్లతో కలిశారు.

“ఏలూరు ఓడితే మనకింకా దారుంది బాబూ.”

“ముందు మనోళ్లు బంతి బుట్టలో వెయ్యాలి కదా బాబాయ్ గారూ. రింగుని కొట్టీ కొట్టీ వంచేస్తున్నారు.”

ఆయన పడీపడీ నవ్వారు. ఇంతలో గుడ్లవల్లేరు వచ్చింది.

“మీరిక్కడ దిగాలి కదండీ” అన్నాడు కండక్టరు.

“బందరుకి ఇంకో టికెట్ కొట్టండి” అని, ఆయన నావైపు తిరిగి మెల్లగా అన్నారు. “ఇంటికెళ్తే వాదించేవాళ్లు లేరమ్మా. టీవీ తిరిగి మాట్లాడదు కదా.”

బందరులో కుర్రాళ్లు వాదించుకుంటూనే దిగిపోయారు. ఆయనకి వెళ్తామని కూడా చెప్పలేదు. ఆయన తిరుగు బస్సు కోసం బస్టాండు బల్ల మీద కూర్చుని నన్నడిగారు.

“మీరేమంటారమ్మా, మనవాళ్లు చేరతారా?”

ఆ ఆట నేను కళ్లతో చూసి ఎరగను. “చేరతారండీ” అన్నాను.

“ఎలా?” అంటూ ఆయన జరిగి చోటిచ్చారు.

అవతల నేనెక్కాల్సిన మంగినపూడి ఆటో అతను నన్ను పిలుస్తున్నాడు. నేను సంచీ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

“ఎందుకు చేరరో ముందు మీరు చెప్పండి” అన్నాను.