మిస్ ఒడీల్ ఇంటి ముందు గొయ్యి

మా ఇంట్లో అలారం గడియారం లేదు. గోడ అవతల మిస్ ఒడీల్ ఉంది, చాలు. న్యూ ఆర్లీన్స్‌లో మా సెవెంత్ వార్డు ఇళ్లు చాలావరకు జంట ఇళ్లు. ఒకే కప్పు కింద, నడిమి గోడకు అటొక కాపురం, ఇటొక కాపురం. ఆవిడ పొద్దున్నే కాఫీ పెట్టుకుని రేడియో పెడుతుంది. రేడియోలో ఎవరు మాట్లాడితే వాళ్లకు గోడ అదిరేలా జవాబు చెబుతుంది.

"అవునవును, వాన నీళ్లు తోడే పంపులన్నీ బ్రహ్మాండంగా పనిచేస్తున్నాయి! మరి నా చెప్పులు పెర్సీ ఇంటిదాకా ఎలా ఈదుకుంటూ పోయాయి నాయనా?"

నేను మంచం మీదే నవ్వుకుని, ఆ నవ్వుతోనే లేస్తాను. ఉన్న మాట చెప్పాలంటే, ఆవిడ పక్కన కాకుండా ఇంకెక్కడైనా ఉంటే నాకు తెల్లారదు.

బడిలో వంటమనిషిగా చేసి రిటైరయింది మిస్ ఒడీల్. గరిటె దిగింది గానీ గొంతు దిగలేదు. సాయంత్రమైతే ఆవిడ అరుగు మీద వీధి వీధంతా చేరుతుంది. చేతిలో చల్లటిది ఏదో ఒకటి ఉండాలి, నోట్లో ఒక ఫిర్యాదు ఉండాలి. నీళ్ల బిల్లు, వెలగని వీధి దీపం, మరగబెట్టి తాగమని సిటీ వాళ్లు మళ్లీ చేసిన హెచ్చరిక, ఓట్లప్పుడు మాత్రం కనిపించే మొహాలు. ఎవరు ఏం చెప్పినా ఆవిడ పూర్తిగా వింటుంది. తర్వాత ఏకి పారేస్తుంది.

"చెత్త బండి ఈ వారం కూడా రాలేదు," అంటాడు ఎదురింటి పెర్సీ.

"వచ్చింది పెర్సీ. నీ డబ్బా చూసి దణ్ణం పెట్టి వెళ్లిపోయింది."

అందరికంటే ముందు పెర్సీయే నవ్వుతాడు. తిట్లు తినకుండా ఇంటికి వెళితే ఆ రోజు అన్నం సయించదని వాళ్లావిడే చెప్పింది.

ఇక ఆ గొయ్యి. నేల కింద నీళ్ల పైపు పగిలి ఒడీల్ ఇంటి ముందే రోడ్డు కుంగింది. మొదట్లో చిన్నదే. సిటీ వాళ్లు వచ్చి పక్కన నారింజ రంగు కోను ఒకటి పెట్టి వెళ్లారు. వానలు పడ్డాక కోను కాస్తా గోతిలోకి దిగిపోయింది. ఫోన్ చేస్తే మళ్లీ వచ్చారు. ఈసారి, మొదటి కోను ఎక్కడ పడిందో తెలియడానికి ఇంకో కోను పెట్టారు. విసుగొచ్చి పెర్సీ ఆ గోతిలో అరటి పిలక నాటాడు. అది ఏపుగా ఎదిగి ఆకులు కూడా వేసింది.

ఇదంతా మాకు నవ్వులాటగానే ఉండేది, ఒకరోజు క్లారెన్స్ వచ్చేదాకా.

క్లారెన్స్ మా 'ఆదివారం దొరలు' క్లబ్బుకి పెద్ద. ఏడాదికి ఒక ఆదివారం ఆ క్లబ్బు ఊరేగింపు తీస్తుంది. ముందు బ్యాండు, దాని వెనక ఈకల విసనకర్రలు పట్టుకున్న దొరలు, వాళ్ల వెనక అలంకరించిన బండి, ఆ వెనక గొడుగులు ఎగరేసుకుంటూ ఊరంతా. దారిలో కొన్ని ఇళ్ల ముందు ఆగి, అక్కడ తిని, తాగి, మళ్లీ సాగుతారు. అలా ఆగే చోటుని మజిలీ అంటాం. ఒడీల్ భర్త ఆల్సీడ్ ఆ క్లబ్బులో దొర. ఆయన బతికున్నప్పుడు ఆవిడ అరుగు మజిలీ, పోయాక కూడా అదే మజిలీ. ఆ వారమంతా ఆవిడ కోడి వేయిస్తుంది, ఎర్ర చిక్కుళ్లు ఉడికిస్తుంది, మమ్మల్నందర్నీ వంటింట్లోంచి తరుముతుంది. ఆయన పోయాక ఆవిడకు మిగిలిన పండగ అదొక్కటే.

క్లారెన్స్ టోపీ చేతిలో పట్టుకుని మెట్ల కిందే నిలబడ్డాడు.

"మిస్ ఒడీల్, ముందు నన్ను తిట్టేయండి. తర్వాత చెబుతాను."

"ముందు చెప్పు. ఎంత తిట్టాలో లెక్క తెలియాలిగా."

"ఈ ఏడు మీ వీధికి పోలీసులు పర్మిట్ ఇవ్వలేదు. మన బండి ఆ గొయ్యి దాటలేదంట. పెద్ద రోడ్డునే, అవెన్యూ మీద తిన్నగా పొమ్మన్నారు."

"మరి మజిలీ?"

క్లారెన్స్ టోపీని ఇటు తిప్పి అటు తిప్పాడు. "అవెన్యూ మీద కొత్త బారుంది కదా. దాని ఓనరు మజిలీ ఇస్తానన్నాడు."

"ఆల్సీడ్ మజిలీని బారుకి ఇస్తావా?"

"ఈ ఒక్క ఏడే మిస్ ఒడీల్."

"ఒకసారి పోయిన మజిలీ తిరిగొచ్చిన ఇల్లు ఈ ఊళ్లో ఒక్కటి చూపించు క్లారెన్స్. ఒక్కటి."

ఆవిడ తిడుతుందని అతను నిలబడ్డాడు, నిలబడ్డాడు, చివరికి వెళ్లిపోయాడు. ఆవిడ ఒక్క మాట అనలేదు.

మర్నాడు పొద్దున రేడియో మోగలేదు. మేయరు ఏదో మాట్లాడే రోజు, నాకు బాగా గుర్తు. నేను గోడకు చెవి ఆనించి కూర్చున్నాను. కాఫీ గిన్నె చప్పుడు వినిపించింది, కుర్చీ జరిపిన చప్పుడు వినిపించింది, మనిషి గొంతు మాత్రం లేదు. నాకు భయం వేసింది. ఆవిడ జబ్బు పడ్డప్పుడు కూడా డాక్టర్ని తిడుతూనే ఉంది.

ఆ మర్నాడు గోడ మీద దబదబా బాదుడు.

"డెల్ఫీన్! లేచావా, చచ్చావా? ఆ దిక్కుమాలిన గోతికి ఈ వారం ఏడాది నిండుతుంది. పుట్టినరోజు చేద్దాం!"

మా ఊరివాళ్లకు పార్టీ అంటే చాలు, ఎందుకని ఎవరూ అడగరు. పెర్సీ అరటి చెట్టుకి పూసల దండలు వేశాడు. నేను పైన గొయ్యి బొమ్మ వేయించి పెద్ద కేకు తెచ్చాను. కోను నెత్తిన కాగితం టోపీ పెట్టాం. ఒడీల్ టీవీ వాళ్లకు ఫోన్ చేసింది. టీవీ వాళ్లు వస్తున్నారని కౌన్సిలర్ మెర్సియర్‌కి కూడా ఫోన్ చేసింది. ఎన్నికలు దగ్గరపడ్డాయి కాబట్టి ఆయన తెల్లటి బూట్లేసుకుని పిలవగానే వాలిపోయాడు. కెమెరా వైపు తిరిగి, "ఈ సమస్యను నేను స్వయంగా చూస్తాను," అన్నాడు.

"పైనుంచి చూడ్డానికేం, ఏడాదిగా మేమందరం చూస్తూనే ఉన్నాం," అంది ఒడీల్. "ఒకసారి దిగి చూడు బేబీ."

జనం చప్పట్లు మొదలుపెట్టారు. కెమెరా తిరుగుతోంది. పాపం, ఎక్కడికి పోతాడు? దిగాడు. నడుము దాకా దిగిపోయాడు. అరటాకు వచ్చి ఆయన చెవి మీద వాలింది.

"అమ్మయ్య," అంది ఒడీల్. "దీని లోతెంతో ఇన్నాళ్లకు తెలిసింది. ఇప్పుడు చెప్పు, ఎప్పుడు పూడుస్తావ్?"

గోతిలో నిలబడే ఆయన మాటిచ్చాడు: ఊరేగింపు ఆదివారం లోపల. గొయ్యి పూడిన మరుక్షణం పర్మిట్ మార్పించుకొస్తానని క్లారెన్స్ కేకు నములుతూ ఒప్పుకున్నాడు. ఆవిడ మొహం చూడాలి మీరు! మర్నాడు మోగినంత గట్టిగా ఆ రేడియో ఎప్పుడూ మోగలేదు.

మాట తప్పలేదు, మహానుభావుడు. గురువారం యంత్రాలు వచ్చాయి. మేమంతా సినిమా చూడ్డానికి కూర్చున్నట్టు అరుగు మీద కూర్చున్నాం. పెర్సీ తన అరటి చెట్టుని జాగ్రత్తగా బకెట్లోకి మార్చుకున్నాడు. పనివాళ్లు గొయ్యి తవ్వి చూస్తే కింద పైపు ఇంకాస్త దూరం పగిలి ఉంది. ఆ దూరమూ తవ్వారు. అక్కడా పగిలే ఉంది. అలా తవ్వుకుంటూ, తవ్వుకుంటూ అవెన్యూ మలుపు దాకా పోయారు. శుక్రవారం సాయంత్రమైంది. మలుపులో కర్ర అడ్డుపెట్టి, 'వాహనాలకు ప్రవేశం లేదు' అన్న బోర్డు తగిలించి, సోమవారం వస్తామని చెప్పి వెళ్లిపోయారు.

"గొయ్యి పూడ్చమంటే వీధినే గొయ్యి చేసి పోయారే!" అంది ఒడీల్. ఎప్పుడూ నవ్వే పెర్సీ కూడా నవ్వలేదు. క్లారెన్స్ మలుపులో నిలబడి చూసి, మా వైపు రాకుండానే వెనక్కి వెళ్లిపోయాడు.

శనివారం వాన పడింది. మధ్యలో పైపు కందకం, రెండు పక్కలా మడమలు దిగే బురద. ఆదివారం పొద్దున్నే కోడి వేగుతున్న వాసన గోడ దాటి వచ్చింది. వెళ్లి తలుపు తట్టాను.

"ఎవరి కోసం వండుతున్నారు మిస్ ఒడీల్?"

"వాళ్ల కోసమే. రాకపోతే అది సిటీ తప్పు. వచ్చి తిండి లేకపోతే అది నా తప్పు. నా మీద మాట పడనివ్వను. ఆ ఉల్లిపాయలు తరుగు."

మధ్యాహ్నానికి దూరంగా బ్యాండు వినిపించింది. ముందు పెద్ద డ్రమ్ము, తర్వాత బాకాలు. అవెన్యూ వెంట దగ్గరవుతోంది. ఒడీల్ గరిటె పట్టుకునే అరుగు మీదికి వచ్చింది. మంచి లేత పసుపు గౌను వేసుకుంది, ఆల్సీడ్ క్లబ్బు రంగు. వీధి చివర మలుపు వైపు చూసింది. తర్వాత బురద వైపు చూసింది. ఆ తర్వాత వేసిన కేక మీకూ వినిపించే ఉంటుంది.

"డెల్ఫీన్! నీ తుఫాను పలకలు ఎక్కడున్నాయ్?"

మా ఊళ్లో ప్రతి ఇంటి వెనకా ప్లైవుడ్ పలకలుంటాయి. తుఫాను వస్తోందంటే కిటికీలకు కొట్టేస్తాం, పోయాక తీసి దాచుకుంటాం. అవి గాలి కోసం తప్ప ఇంకెందుకైనా పనికొస్తాయని ఏ బుర్రకూ తట్టలేదు.

"పెర్సీ, నీవీ తే! నడుం నొప్పి రేపు పట్టుకుందువు గానీ, ఇప్పుడు పలక పట్టుకో!"

వీధి వీధంతా పెరళ్లలోకి పరిగెత్తింది. అరుగు దగ్గర్నుంచి మలుపు దాకా బురద మీద పలకలు పరుచుకుంటూ పోయాం. పోయిన తుఫానుకి రంగుతో రాసిన రాతలు ఇంకా వాటి మీదే ఉన్నాయి. ఒడీల్ పలక మీద, 'దొంగలూ జాగ్రత్త, లోపల ఒడీల్ ఉంది' అని ఉంది. ఆఖరి పలక వేసి నేను తలెత్తేసరికి ఎదురుగా పోలీసు సార్జెంటు బూట్లు.

మనిషి భారీగా ఉన్నాడు, చెమటతో తడిసి ముద్దయిపోయాడు. ఆయన వెనక ఊరేగింపు ఆగిపోయి ఉంది.

"రూటు తిన్నగా," అన్నాడు. "ఈ వీధి మూసేశారు. బోర్డు కనబడట్లేదా?"

క్లారెన్స్ ముందుకొచ్చాడు. పసుపు సూటు, పసుపు బూట్లు, చేతిలో ఈకల విసనకర్ర. బోర్డు చదివాడు. మళ్లీ చదివాడు. మొహం వెలిగిపోయింది.

"సార్జెంటుగారూ, వాహనాలకు ప్రవేశం లేదని ఉంది. బండి దాటలేదనే కదా మీరు పర్మిట్ ఇవ్వంది? బండిని ఇక్కడే మీకు అప్పజెబుతాను. మిగతా మేమందరం కాళ్లతో వచ్చినవాళ్లమే."

సార్జెంటు ఏదో అనబోయాడు. అప్పుడే అరుగు మీదనుంచి కేక వచ్చింది.

"క్లారెన్స్! ఆ పోలీసాయన్ని ఎండలో ఎందుకు మాడుస్తున్నావ్? ఆయన్నీ తీసుకురా, కోడి చల్లారిపోతోంది!"

గాలి కూడా మా వైపే ఉంది. వాసన ఆయన ముక్కుకి తగిలినట్టు మొహంలోనే తెలిసింది. కర్ర అడ్డు తనే పక్కకు జరిపాడు.

ఒకరి వెనక ఒకరు పలకల మీదుగా వచ్చారు. ప్లైవుడ్ మీద అన్ని కాళ్లు పడేసరికి డ్రమ్ముకి ఇంకో డ్రమ్ము తోడైంది. అరుగు ముందుకు వచ్చి క్లారెన్స్ టోపీ తీసి గుండెకు ఆనించుకున్నాడు. బ్యాండు ఆల్సీడ్ కోసం నెమ్మదిగా ఒక దేవుడి పాట వాయించింది. ఒడీల్ గరిటె దించి, కదలకుండా నిలబడి వింది. పాట అయిపోగానే బాకాలు ఒక్కసారిగా గంతులేశాయి. ఆవిడ పళ్లేలు అందుకుంది. ముందు సార్జెంటుకే పెట్టింది.

తిన్నారు, ఆడారు, ఇంకాస్త తిన్నారు. పలకలు అరుగు దాకానే ఉన్నాయి కాబట్టి వచ్చిన దారినే వెనక్కి తిరగాలి. బయల్దేరబోతూ క్లారెన్స్ మెట్ల దగ్గరికి వచ్చాడు. ఈ మజిలీ ఎవరికీ పోదని, రోడ్డున్నా లేకున్నా ఇక్కడే ఆగుతామని అందరూ వినేలా చెప్పాడు. చెప్పి, చెయ్యి చాచాడు.

"మీరూ రండి మిస్ ఒడీల్."

"నేనా? ఈ గిన్నెల దగ్గర ఎవరుంటారు?" అంది ఆవిడ మామూలుగానే. అప్పుడు నాకు తట్టింది. ఇన్నేళ్లలో ఆవిడ ఒక్కసారి కూడా ఊరేగింపు వెంట పోలేదు. ప్రతి ఏడూ అందరికీ పెట్టి, అందర్నీ సాగనంపి, గిన్నెలు కడుక్కుంది.

"నేనుంటాను మేడమ్," అన్నాడు సార్జెంటు, నోటినిండా కోడి పెట్టుకుని. "ఎవడొచ్చి ముడతాడో చూస్తాను."

మిస్ ఒడీల్ తుంటి నొప్పి మనిషి. ఒక చెయ్యి క్లారెన్స్ పట్టుకున్నాడు, ఒకటి నేను. ఎవరో ఆవిడ చేతిలో గొడుగు పెట్టారు. బ్యాండు ఆవిడ అడుగుకి తగ్గట్టు తాళం నిదానం చేసింది. పలకల మీద మెల్లగా మలుపు దాకా వెళ్లాం. అక్కడ అవెన్యూ నిండా జనం, చివర కనిపించనంత జనం, అందరూ ఊగుతున్నారు. ఒడీల్ ఆగిపోయింది. ఆయాసమేమో అనుకుని కంగారుపడ్డాను.

"ఆల్సీడ్ ఎంత దొంగో చూశావా డెల్ఫీన్?" అంది. "ప్రతి ఏడూ ఇంటికొచ్చి, 'అక్కడేముందే, ఎండా, కాళ్ల పీకుళ్లూ. నువ్వే హాయిగా నీడన ఉన్నావ్' అనేవాడు. ఇంత బాగుంటుందని ఒక్కసారైనా చెప్పాడా? ఒక్కసారి! పైకి వెళ్లాక చెబుతాను ఆయన సంగతి."

బుగ్గల మీద నీళ్లు కారుతున్నాయి. తుడుచుకోలేదు. గొడుగు పైకెత్తి, మా ఇద్దరి చేతులూ విదిలించుకుని, జనంలోకి నడిచింది.